మధ్య తలుపు

డిపోలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరూ జేబులో పెన్ను పెట్టుకునే చోట ఆయన వైరులో కరెంటుందో లేదో చూసే టెస్టుల్యాంపు పెట్టుకుంటాడు కాబట్టి కొందరికి టెస్టుల్యాంపు మేస్త్రి, మిగతావాళ్ళకి ఉత్త మేస్త్రి. ముప్పై ఏళ్ళుగా బస్సుల్లో కరెంటు పని ఆయనదే. బస్సు షెడ్డులోకి వస్తున్న చప్పుడు వినే ఫ్యాను బెల్టు వదులైందని చెప్పగలడు. కాకపోతే పదిమంది ఉన్నప్పుడే చెప్పేవాడు. చెప్పింది నిజమయ్యేది కూడా, అందుకని ఎవరూ నోరెత్తేవారు కాదు. ఒకటి రెండు సార్లు తప్పు పడి నలుగురిలో నవ్వులపాలైతే మనిషికి మంచిదే. మేస్త్రికి ఆ అదృష్టం పట్టలేదు.

పాత బస్సుల్లో పని సూటిగా ఉండేది. ఒక స్విచ్చి, దానికో వైరు, ఆ వైరు చివర ఒక దీపం. ఎన్ని పనులుంటే అన్ని వైర్లు. డ్రైవరు ముందుండే బోర్డు వెనక వైర్ల కట్ట తొడంత లావుండేది. మేస్త్రి అందులో చెయ్యి పెట్టి, రంగు చూసి, కావలసిన వైరుని ఇట్టే బయటికి లాగేవాడు. ఒక వైరు తెగితే ఒక దీపమే పోతుంది. ఒక వైరుకి దొంగదారి చూపిస్తే ఆ ఒక్క పనే దొంగదారిన నడుస్తుంది, పక్క వైరుకి ఆ సంగతి తెలియను కూడా తెలియదు.

కొత్త బస్సులు అలా కాదు. వాటిలో ముందొకటి, తలుపుల దగ్గరొకటి, వెనక ఇంజను దగ్గరొకటి పెట్టెలుంటాయి. వాటన్నిటినీ కలుపుతూ జడలా మెలేసిన రెండే రెండు సన్న వైర్లు. స్విచ్చి నొక్కితే కరెంటు నేరుగా దీపానికి పోదు. దగ్గర్లో ఉన్న పెట్టెకి కబురు పోతుంది. ఆ పెట్టె ఆ కబురుని రెండు వైర్ల మీద అందరికీ వినిపిస్తుంది. ఆ కబురుతో పనున్న పెట్టెలు విని, తమ పని తాము చేస్తాయి. దీన్ని మల్టీప్లెక్స్ అంటారు. ఈ సంగతులన్నీ చెప్పడానికి కంపెనీ నుంచి ఒకమ్మాయి ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి రెండు రోజులు క్లాసు తీసుకుంది.

క్లాసులో మేస్త్రిది చివరి బెంచీ. "అంటే ఉమ్మడి కుటుంబం అన్నమాట! వంటింట్లో ఒకావిడ గుసగుసలాడితే వీధి గుమ్మం దాకా అందరికీ తెలిసిపోతుంది" అన్నాడు. అందరూ నవ్వారు. ల్యాప్‌టాప్ అమ్మాయి కూడా నవ్వింది.

"సరిగ్గా అంతే సార్. ఒక్కటే తేడా. ఇంట్లో అయితే ఎవరో ఒకరు నిజమేనా అని అడుగుతారు. ఈ పెట్టెలు అడగవు. తలుపు మూసుందని తలుపు దగ్గరి పెట్టె చెప్తే, మూసుందనే అన్నీ నమ్ముతాయి. అందుకని దయచేసి సెన్సర్ల దగ్గర డైరెక్టు చెయ్యకండి."

డైరెక్టు చెయ్యడమంటే చెడిపోయిన స్విచ్చినో సెన్సర్నో పక్కన పెట్టి, ఒక ముక్క వైరుతో కరెంటు నేరుగా ఇచ్చేయడం. డిపోలో అందరూ చేసే పనే. స్టోర్సులో సామాను లేదు, బస్సు మాత్రం ఆగకూడదు అన్నప్పుడు అదొక్కటే దారి. మేస్త్రి పక్కవాడి చెవిలో "తాతకి దగ్గులు నేర్పుతోంది" అని, మిగతా క్లాసంతా కళ్ళు మూసుకుని విన్నాడు. అంటే నిద్రపోయాడు.

మేస్త్రి భార్యకి ఒక్కడే తమ్ముడు. తల్లి పోయినప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు. అక్కే పెంచింది, అక్క పెళ్ళితో పాటు వాడూ ఈ ఇంటికి వచ్చాడు. సైకిలు తొక్కడం నేర్పింది మేస్త్రి, తర్వాత డ్రైవింగు పరీక్షకి వెంట తీసుకెళ్ళిందీ మేస్త్రే. ఇప్పుడు వాడు అదే డిపోలో డ్రైవరు. పందొమ్మిదో నంబరు బస్సు వాడి చేతికిచ్చారు. కొత్తది, ముందొక తలుపు, మధ్యలో ఒక తలుపు. మూడు నెలలు బాగానే నడిచింది. తర్వాత మధ్య తలుపు పేచీ పెట్టడం మొదలైంది.

"మీట నొక్కుతా బావా. తలుపు పడుతుంది, కళ్ళారా చూస్తా" అని మొత్తుకున్నాడు బావమరిది. "అయినా ఎర్రదీపం వెలుగుతుంది, బజరు కుయ్యోమంటుంది, యాక్సిలరేటర్ తొక్కితే బండి ఉలకదు పలకదు. మళ్ళీ తీసి మళ్ళీ వెయ్యాలి. వెనక హారన్లు, లోపల జనం తిట్లు. ట్రిప్పులు లేటని మూడు మెమోలిచ్చారు. నాలుగోది వస్తే స్టీరింగు మీంచి దింపేసి గేటు దగ్గర కూర్చోబెడతారంట. ఏదో ఒకటి చెయ్యి బావా."

తలుపు మూసుకున్న కబురు పంపాల్సిన సెన్సర్ చెడిపోయింది. కొత్తదాని కోసం స్టోర్సుకి రాసి ఐదు వారాలైంది. రాలేదు.

అసలు జవాబు ఆ మొత్తుకోవడంలోనే ఉంది. ఒక్క సెన్సర్ చెడిపోతే దీపం, బజరు, యాక్సిలరేటర్ మూడూ ఒకేసారి గొడవ చేస్తున్నాయంటే, మూడూ ఆ ఒక్కదాని మాటే వింటున్నాయని కదా! పాత బస్సులో మూడింటికీ మూడు స్విచ్చిలుండేవి, మూడూ ఒకేరోజు చెడిన పాపాన పోలేదు. క్లాసులో మెలకువగా ఉన్న ఎవడికైనా ఇది తట్టేది. మేస్త్రికి తట్టలేదు. ఆయన కళ్ళ ముందున్నది కొత్త బస్సు, బుర్రలో ఉన్నది పాత బస్సు.

మధ్యాహ్నం టీ వేళ మధ్య తలుపు పైనున్న మూత విప్పాడు. లోపల రెండు సెన్సర్లు కనిపించాయి. ఒకటి యాక్సిలరేటర్‌ది, రెండోది దీపానిది అని తనే తీర్మానించేసుకున్నాడు. నిజానికి రెండోది తలుపుని తోసే గాలి సిలిండరుది. మొదటిదాన్ని డైరెక్టు చేశాడు: బొటనవేలంత వైరు ముక్క, దాని మీద నల్ల టేపు. ఇక తలుపు తెరిచున్నా మూసున్నా మూసుందన్న కబురే పెట్టెకి అందుతూ ఉంటుంది. రెండుసార్లు తలుపు తీసి మూసి చూశారు. దీపం లేదు, బజరు లేదు, బండి కదిలింది. తను ముట్టుకోని దీపం ఎందుకు ఆరిందని మేస్త్రి ఆలోచించలేదు. బావమరిది ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

ఇంకొక్క పని చెయ్యాల్సింది. తలుపుకి ఏదైనా అడ్డం పెట్టి, మీట నొక్కి, ఎర్రదీపం వెలుగుతుందో లేదో చూడాల్సింది. అర నిమిషం పట్టదు. మేస్త్రి చూడలేదు. చూడకుండానే పూచీ మాత్రం పడ్డాడు.

"యాక్సిలరేటర్ ఇక నిన్ను ఆపదురోయ్. కానీ దీపం దారి దీపానిదే. తలుపులో ఏదన్నా ఇరుక్కుంటే వెలుగుతుంది. దాన్ని చూసుకో. వెలగలేదా, నిశ్చింతగా పో."

"సెన్సర్ రాగానే వైరు తీసేస్తావుగా?"

"నాలుగు రోజులు, అంతే."

నాలుగు రోజులు పదకొండయ్యాయి.

ఆ పొద్దున సన్నగా వాన పడుతోంది. బస్సు కిక్కిరిసి ఉంది, అద్దాలకి ఆవిరి పట్టింది. మార్కెట్టు స్టాపులో మధ్య తలుపు గుండా ఒకావిడ దిగుతోంది. యాభై ఏళ్ళుంటాయి, బట్టలు కుట్టుకుని బతికే మనిషి. కుడికాలు నేల మీద పెట్టింది, చేతిలో బట్టల మూట లోపల జనం మధ్య ఇరుక్కుంది. డ్రైవరు మీట నొక్కాడు. తలుపు ఆ మూటని ఆవిడ చెయ్యితో సహా పట్టేసింది. లోపలి అద్దంలో తలకాయలే కనిపించాయి. ఎర్రదీపం వైపు చూశాడు. వెలగలేదు. బజరు లేదు. బావ చెప్పినట్టే నిశ్చింతగా తొక్కాడు. జనం కేకలు విని బ్రేకు వేసేసరికి వెనక చక్రం ఆవిడ పాదం మీదుగా పోయింది.

డ్రైవర్ని సాయంత్రం దాకా పోలీసు స్టేషన్లో కూర్చోబెట్టారు. బయటికొచ్చేసరికి సస్పెన్షన్ కాగితం సిద్ధంగా ఉంది. ఆసుపత్రిలో ఆవిడకి కుడికాలు చీలమండ పైదాకా తీసేశారు. బస్సుని డిపోకి తెచ్చి, షెడ్డు చివర నిలబెట్టి, చుట్టూ తాడు కట్టారు.

మర్నాడు అందరూ భోజనాలకి పోయాక మేస్త్రి తాడు కింద నుంచి దూరి బస్సెక్కాడు. వచ్చింది వైరు ముక్క తీసేయడానికే. కానీ పదకొండు రోజుల కిందట చూడాల్సింది ఇప్పుడు చూడాలనిపించింది. మెయిను వేసి, మధ్య తలుపుకి ఒక ఖాళీ చెక్కపెట్టె అడ్డం పెట్టి, డ్రైవరు సీటు దగ్గరకొచ్చి మీట నొక్కాడు. తలుపు చెక్కపెట్టెకి కొట్టుకుని సగంలో ఆగిపోయింది. ఎర్రదీపం వెలగలేదు. బజరు మోగలేదు. దిగేవాళ్ళకి దారి చూపించే మెట్టు దీపం కూడా చీకటిగానే ఉంది. తలుపు సగం నోరు తెరుచుకుని ఉంటే, బస్సు మాత్రం అన్నీ మూసే ఉన్నాయన్న నమ్మకంతో ఉంది.

వెళ్ళి వైరు ముక్క లాగేశాడు. మూడూ ఒక్కసారి లేచాయి, ఎర్రదీపం, మెట్టు దీపం, బజరు. ఖాళీ షెడ్డంతా బజరు మోత. మేస్త్రి పరుగున పోయి మెయిను ఆపేశాడు. వైరు ముక్క జేబులో వేసుకుని, తేలు కుట్టిన దొంగలా వచ్చి తన బల్ల దగ్గర కూర్చున్నాడు. బావమరిది తప్పు లేదని తెలిసిన మనిషి ఇప్పుడు తనొక్కడే.

ఆ సాయంత్రం బావమరిది ఇంటికొచ్చాడు. అక్క పళ్ళెంలో పెట్టింది పెట్టినట్టే ఉంది. గోడకి ఆనుకుని కూర్చుని ఒకటే పాట పాడుతున్నాడు.

"దీపం వెలగలేదక్కా. నీ మీదొట్టు. చూశాను. వెలగలేదు."

"మీ బావ చెప్తారులేరా" అంది అక్క. భర్త వైపు తిరిగి, "చెప్పండి వాళ్ళకి. డిపోలో మీ మాటకి ఎదురుందా?" అంది.

మేస్త్రి గ్లాసెడు మంచినీళ్ళు తాగాడు.

"బావా, ఒకటడుగుతా, ఏమనుకోకు" అన్నాడు బావమరిది. "ఆ రోజు నువ్వు డైరెక్టు చేశావు చూడు, దానికీ దీపానికీ ఏమన్నా సంబంధం ఉందా? ఆ తర్వాత అది ఒక్కసారైనా వెలిగినట్టు గుర్తు లేదు."

వైరు పెట్టడం తెలియక చేసిన పని. పొగరున్నా, బద్ధకం ఉన్నా, పెట్టింది వాడి మీద ప్రేమతోనే. ఇప్పుడు చెప్పబోయేది తెలిసి చెప్పే మాట. మేస్త్రి భార్య ముఖం చూశాడు. ముప్పై ఏళ్ళ పేరు గుర్తొచ్చింది, టెస్టుల్యాంపు చేతిలోంచి లాక్కుని గేటు బయటికి పంపినట్టు కళ్ళకి కట్టింది. భయపడ్డాడు. సిగ్గుపడాల్సినంతగా భయపడ్డాడు.

"సంబంధం లేదురా. నేను ముట్టుకుంది యాక్సిలరేటర్‌ది. దీపానిది వేరే. తలుపు బాగా పడుతోంది కాబట్టి ఇన్నాళ్ళూ వెలగలేదు."

"మరి నిన్న?"

"వెలిగే ఉంటుంది. వాన, జనం, కంగారు. నువ్వే చూసుకుని ఉండవు."

బావమరిది ముందున్న పళ్ళెం పక్కకి జరిపాడు. ఒక పక్క తన రెండు కళ్ళు, ఇంకో పక్క బావ మాట. బావ చెప్పింది తప్పవడం వాడు ఎన్నడూ చూడలేదు.

"అంతే అయ్యుంటుంది" అన్నాడు చివరికి. "చూసుకోలేదేమో."

వారం తిరిగేసరికి ఆ 'ఏమో' కూడా పోయింది. అక్క కూడా "కాస్త చూసుకోవద్దట్రా, ఒకరి బతుకు నాశనం చేశావు కదరా" అని తిట్టి ఏడ్చింది. ఫోర్మన్ పిలిపించి, "గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోకు. తప్పు ఒప్పుకుంటే శిక్ష తేలికవుతుంది" అని తెల్లకాగితం ముందు పెట్టాడు. వాడు రాసిచ్చాడు: ఎర్రదీపం వెలిగినా తొందరలో గమనించక బస్సు కదిలించాను. కింద సంతకం పెట్టాడు. మేస్త్రికి ఆ సంగతి తెలుసు. ఆపలేదు. వాడికైతే కొన్నాళ్ళ శిక్షతో పోతుంది, నాకైతే ఉద్యోగమే పోతుంది, ఇల్లెలా గడుస్తుంది, ఆ ఇల్లు వాడి అక్కది కూడా కదా అని తనకి తాను నచ్చజెప్పుకున్నాడు. పిరికితనాన్ని సంసార బాధ్యత అని పిలుచుకున్న మొదటి మగాడు ఆయనేం కాదు.

విచారణ డిపో మేడమీది గదిలో జరిగింది. పెద్దాఫీసు నుంచి ఒక అధికారి, ఫోర్మన్, డ్రైవరు, బస్సులో కరెంటు పని అంతా సవ్యంగానే ఉందని చెప్పడానికి మేస్త్రి. బల్ల చివర ల్యాప్‌టాప్ అమ్మాయి. పొద్దున్నే పందొమ్మిదో నంబరు బస్సెక్కి, ముందున్న పెట్టెకి ల్యాప్‌టాప్ తగిలించి కావలసినదంతా రాసుకుని వచ్చింది.

"ఏ తలుపు ఎప్పుడు తెరుచుకుందో ఎప్పుడు మూసుకుందో అంతా పెట్టెలో ఉంటుంది సార్" అంది అధికారితో. "ముందు తలుపు రోజుకి నాలుగు వందల సార్లు తెరుచుకుంది. మధ్య తలుపు పదకొండు రోజుల్లో ఒక్కసారి కూడా తెరుచుకోలేదు."

"అదేంటమ్మా? జనం దిగుతూనే ఉన్నారుగా?"

"దిగుతూనే ఉన్నారు. బస్సుకే తెలియదు. ఎవరో సెన్సర్‌ని డైరెక్టు చేశారు. ప్రమాదం జరిగిన మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకి ఆ తలుపు మొదటిసారి తెరుచుకుంది. అంటే అప్పుడు వైరు తీసేశారు."

ఫోర్మన్‌కి నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. అయినా సర్దుకున్నాడు. "సెన్సర్ పాడైన సంగతి మేం ఎప్పుడో రాశాం సార్. దాని తిక్కే అయ్యుంటుంది. అయినా దీపం వెలిగిందని డ్రైవరే రాసిచ్చాక ఇంకేముంది?"

"వెలగదు సార్. వెలగడానికి వీల్లేదు" అంది ఆ అమ్మాయి. "దీపం, బజరు, యాక్సిలరేటర్ అన్నిటికీ ఆ ఒక్క కబురే ఆధారం. ఈయన ఎందుకలా రాశారో నాకర్థం కావడంలేదు."

అందరూ డ్రైవరు వైపు తిరిగారు. వాడు ఆ అమ్మాయినే చూస్తున్నాడు.

"వెలగలేదా మేడం?"

"వెలగలేదు."

"నేను చూశాను మేడం. వెలగలేదనే చూశాను" అని, అప్పుడు మెల్లగా బావ వైపు తిరిగాడు.

మేస్త్రి లేచాడు. ధైర్యం వచ్చి కాదు, ఆ చూపు కింద కూర్చోలేక లేచాడు. "వైరు నేనే పెట్టాను సార్. తీసిందీ నేనే. ఇందులో డ్రైవరు తప్పేం లేదు" అన్నాడు. అధికారి రాసుకున్నాడు. ఫోర్మన్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. తప్పుడు వాంగ్మూలం ఇచ్చినందుకు డ్రైవరు మీద ఇంకో విచారణ ఉంటుందని అధికారి చెప్పాడు, అది తేలేదాకా సస్పెన్షన్ అలాగే ఉంటుందట. ఆ వాంగ్మూలం ఎవరి మాట విని రాశాడో గదిలో ఎవరూ అడగలేదు.

మెట్ల మీద బావమరిది ఆగాడు.

"వైరు సంగతి వదిలెయ్ బావా. నేనడిగాను, నువ్వు పెట్టావు. ఆ సాయంత్రం దీపం గురించి అడిగినప్పుడు, అప్పటికి నీకు తెలుసా?"

"తెలుసు."

"మొన్న ఆసుపత్రికి పోయాను. ఆవిడ కాళ్ళు పట్టుకుందామని దుప్పటి పక్కకి లాగితే ఒక్కటే ఉంది. ఆ ఒక్కదాన్నే పట్టుకుని, దీపం వెలిగిందమ్మా, చూసుకోకుండా తొక్కేశాను, క్షమించు అన్నాను. చూసుకోవడానికే కదరా నిన్నక్కడ కూర్చోబెట్టింది అంది. అప్పట్నుంచీ కంటి మీద కునుకు లేదు. నా కళ్ళు బాగానే ఉన్నాయి కదా బావా?"

"నేను పోయి ఆవిడకి చెప్తాను."

"చెప్పు. అక్కకి కూడా నువ్వే చెప్పు. నేనిక మీ గుమ్మం తొక్కను."

మేస్త్రి ఇంటికి పోలేదు. తిన్నగా ఆసుపత్రికి పోయాడు. ఆడవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం మీద ఆవిడ దిండుకి ఆనుకుని కూర్చుని, చేత్తో ఒక చొక్కాకి గుండీలు కుడుతోంది. కుడికాలితో మెషీను తొక్కే రోజులు అయిపోయాయి కదా. మేస్త్రి మంచం పక్కన నిలబడి మొదటి నుంచీ చెప్పాడు. చెడిపోయిన సెన్సర్, తను పెట్టిన వైరు ముక్క, పదకొండు రోజులు, దొంగతనంగా తీసేయడం, ఏదీ దాచుకోలేదు.

"దీపం వెలగలేదమ్మా. వెలగకుండా చేసింది నేను. అతను చూసుకునే కదిలించాడు."

ఆవిడ సాంతం విని, పంటితో దారం తెంపింది.

"ఆ అబ్బాయికి నువ్వేమవుతావు?"

"బావని. మా ఆవిడ తమ్ముడు."

"అనుకున్నాలే." ఆవిడ ముఖం మెత్తబడింది. "మంచివాడివయ్యా. సొంత అన్నదమ్ములే తప్పుకు తిరిగే రోజుల్లో బావమరిది తప్పు నెత్తినేసుకుందామని ఇంత దూరం వచ్చావు."

"కాదమ్మా. నిజంగా నేనే చేశాను."

"ఊరుకో నాయనా. వాడు నా కాలు పట్టుకుని, దీపం వెలిగింది నేనే చూసుకోలేదు అని వెక్కి వెక్కి ఏడ్చాడు. చెయ్యని తప్పుకి అట్లా ఎవరన్నా ఏడుస్తారా?"

మేస్త్రి మళ్ళీ మొదలుపెట్టాడు. రెండు వైర్లు, పెట్టెలు, పెట్టెలో రాసున్న లెక్క, ఆ అమ్మాయి ల్యాప్‌టాప్. చెప్పేకొద్దీ తనకే అది కట్టుకథలా వినిపించింది. ఆవిడ జాలిగా తలాడిస్తూ విని, పక్క మంచం మనిషి వైపు తిరిగింది.

"చూశావా, బావమరిది కోసం ఎంత తాపత్రయపడుతున్నాడో! ఇలాంటి బావ దొరకాలంటే పెట్టి పుట్టాలి." మళ్ళీ మేస్త్రి వైపు తిరిగి, "నీ మీద నాకేం కోపం లేదయ్యా. వాణ్ణి మాత్రం చచ్చినా క్షమించనని చెప్పు" అంది.

పక్క మంచం ఆవిడ మేస్త్రిని గౌరవంగా చూసి, నిలబడే ఉన్నావేం నాయనా, కూర్చో అంటూ స్టూలు ముందుకి జరిపింది. మేస్త్రి దాని మీద కూర్చున్నాడు.